వెనక యాక్సిల్, ఎడమ పక్క

జూలై 9

ఈ డైరీ మా ఆవిడ కొని తెచ్చింది. సగం ఏడాది అయిపోయింది కాబట్టి ముందు పేజీలన్నీ ఖాళీ. ఏ రోజు ఏం చేశానో సాయంత్రం రాసుకుంటే మర్చిపోనట. మర్చిపోయేవాడికి డైరీ రాయాలని ఎలా గుర్తుంటుందని అడుగుదామనుకుని ఊరుకున్నాను. ఈ మధ్య నా జోకులకి నవ్వడం మానేసింది.

సరే, ఈ రోజు: షెడ్డులో కౌంటరు దగ్గర కూర్చున్నాను. రెండు ఫ్యాను బెల్టులు, ఒక హారను, నాలుగు బల్బులు అమ్మాను. తమ్ముడు ఒక వ్యాను క్లచ్చు దించాడు, చూస్తూ కూర్చున్నాను. గేటు వేశాను. మళ్ళీ వెళ్ళి చూశాను. వేసే ఉంది.

జూలై 10

గేటు వేశాను. చూశాను.

జూలై 11

గేటు వేశాను. చూశాను. ఇంటికొచ్చాక గ్యాసు కట్టేశానా అని కూడా చూశాను. నేను ముట్టుకోనే లేదు గ్యాసుని.

జూలై 13

చెల్లెలు ఫోను చేసింది. నేనే తీశాను. "వదినకివ్వు" అంది. ఇచ్చాను.

రెండేళ్ళ నాలుగు నెలలుగా నాకు చెల్లెలి దగ్గర్నుంచి వచ్చే మాట ఇదొక్కటే. కోపంగా కూడా అనదు. కోపంగా అంటే బావుండును.

ఇది మర్చిపోయే విషయం కాదు గానీ, రాయడం మొదలుపెట్టాను కాబట్టి రాస్తున్నాను. మా పాత ఫోర్ వీల్ జీపుకి వెనక చక్రాల బేరింగులు రెండు పక్కలా నేనే కొత్తవి వేశాను. మర్నాడు పొద్దున చెల్లెలు తన నర్సరీకి మొక్కల కుండీలు వేసుకుని కొండ దారిలో వెళ్తుంటే ఎడమ చక్రం ఊడి బండి పక్కకి ఒరిగింది. చెల్లెలి కుడి తుంటి విరిగింది. ఇప్పటికీ చేతికర్రతోనే నడుస్తుంది. ఆస్పత్రి వరండాలో తమ్ముడు నా భుజం మీద చెయ్యి వేసి, "హబ్బు నట్టు దగ్గర లాక్ వాషరు మడవడం మర్చిపోయావేమో అన్నయ్యా" అన్నాడు. ఆ వాషరు అంచు నట్టు మీదకి మడిస్తేనే నట్టు కదలకుండా ఉంటుంది. మడిచిన గుర్తు ఉంది నాకు. కానీ ఆ రోజు పన్ను నొప్పితో తల దిమ్మెక్కిపోయి ఉంది. చక్రం ఊడింది, చెల్లెలు లోపల పడుకుని ఉంది. గుర్తుందని ఏ మొహం పెట్టుకుని అంటాను? నేనే మర్చిపోయుంటానన్నాను.

అప్పటినుంచి రెంచి పట్టలేదు. తమ్ముడు పట్టనివ్వలేదు కూడా. నా మంచికే.

జూలై 17

పశువుల డాక్టరు గారు వచ్చారు. ఆయనదీ మా జీపు లాంటిదే, అదే సంవత్సరంది. ఇంజను పూర్తిగా పోయిందట, కొత్త బండి కొన్నారు. "వెనక యాక్సిల్ మాత్రం బంగారంలా ఉందయ్యా. మీ జీపు ఊరికే పడుంది కదా, దానికి వేసుకో" అన్నారు.

మా జీపు షెడ్డు వెనకాల టార్పాలిన్ కింద ఉంది. ఒరిగినప్పుడు యాక్సిల్ గొట్టం వంగిపోయింది. ఎవరూ దాని జోలికి పోలేదు. నేను అటువైపు మూత్రానికి కూడా వెళ్ళను.

ఇవాళ వెళ్ళాను. టార్పాలిన్ ఎత్తి చూశాను. ముందు భాగమంతా బాగానే ఉంది. యాక్సిల్ మార్చి, బ్రేకు పైపులు వేసి చెల్లెలికి తిరిగి ఇచ్చేస్తే, కుండీలు తోపుడు బండి మీద వేసుకుని తిరిగే బాధ తప్పుతుంది దానికి. అప్పుడైనా ఇంకో మాట మాట్లాడుతుందేమో.

గేటు సంగతి గుర్తులేదు. వేసే ఉంటాను.

జూలై 18

తమ్ముడితో చెప్పాను. తాగుతున్న టీ గ్లాసు కింద పెట్టేశాడు. ఆ పాత ఇనుముతో కుస్తీ ఎందుకన్నాడు. నేను పట్టు పట్టేసరికి, అంతగా కావాలంటే వేరే యాక్సిల్ తానే వెతికి తెచ్చి, తానే బిగిస్తానన్నాడు. డాక్టరుది మాత్రం వద్దట. అది కూత పెడుతుందట.

వాడికి నా మీద ఎంత జాగ్రత్తో. మళ్ళీ ఏదన్నా తప్పు చేసి కుమిలిపోతానని భయం. పన్నెండో ఏట నాన్న పోతే నా వేలు పట్టుకుని ఈ షెడ్డుకి వచ్చాడు వాడు. పానా సైజు కంటితో చూసి చెప్పడం నేర్పింది నేనే. ఇప్పుడు నన్ను వాడు కనిపెట్టుకుని ఉండడం చూస్తే కడుపు నిండిపోతుంది.

ఇంట్లో చెప్తే మా ఆవిడ కూర కలుపుతున్న గరిటె ఆపేసి, "మీ తమ్ముడేమన్నాడు?" అంది. ముందు నా ఆరోగ్యం గురించి అడుగుతుందనుకున్నాను.

జూలై 20

తమ్ముడు స్పేర్ల కోసం పట్నం వెళ్ళాడు. వారం పడుతుందట. వెళ్తూ వెళ్తూ జీపు ముట్టుకోవద్దని మూడుసార్లు చెప్పాడు. సరేనన్నాను.

డాక్టరు గారికి ఫోను చేసి యాక్సిల్ పంపించమన్నాను. అబద్ధమాడాననిపించింది, కాసేపు బావుంది కూడా.

జూలై 22

యాక్సిల్ వచ్చింది. ట్రాక్టరు మీంచి డ్రైవరూ నేనూ చైను కప్పీతో దించాం.

ఫోర్ వీల్ బండికి ముందూ వెనకా ఒకే లెక్కన తిరగాలి. ముందు గేర్లు ఒక లెక్క, వెనకవి ఒక లెక్క అయితే మామూలు రోడ్డు మీద తెలియదు. నాలుగు చక్రాలూ కలిపిన రోజున ఒకదాన్నొకటి లాక్కుని మధ్యలో గేరుబాక్సు పగిలిపోతుంది. అందుకని హబ్బుల మీద సుద్దముక్కతో గీత పెట్టి, షాఫ్టు చేత్తో తిప్పుతూ లెక్కపెట్టాను. హబ్బులు ఒక చుట్టు తిరిగేసరికి షాఫ్టు అయిదు చుట్లు, ఇంకో అర కంటే కాస్త తక్కువ. మా బండి ముందు యాక్సిల్‌కీ అంతే.

నా లెక్క మీద నాకు నమ్మకం లేక మళ్ళీ లెక్కపెట్టాను. మొత్తం ఏడుసార్లు. ఏడుసార్లూ ఒకటే వచ్చింది.

జూలై 23

పాత యాక్సిల్ దించడం మొదలుపెట్టాను. యు బోల్టులు తుప్పు పట్టి మొండికేశాయి. కిరసనాయిలు పోసి నానబెట్టి, పానాకి గొట్టం తగిలించి లాగితే ఒక్కొక్కటే మూలుగుతూ వచ్చాయి. చేతులు మర్చిపోలేదు. తల మర్చిపోతే పోయింది గానీ చేతులకి అంతా గుర్తుంది. ఈ మాట ఎవరితోనైనా చెప్పాలనిపించింది, ఇక్కడ రాశాను.

కుడి హబ్బు విప్పాను. లాక్ వాషరు చక్కగా మడిచి ఉంది. లోపల బేరింగు నాదే. నేను ఏ బండికి వేసినా బేరింగు లోపలి రింగు అంచు మీద ఉక్కు పుల్లతో నెలా సంవత్సరం గీస్తాను, ఎంతకాలం వచ్చిందో తర్వాత తెలియడానికి. 3-15 అని ఉంది. నా అయిదుకి నెత్తి చదునుగా ఉంటుంది. రెండేళ్ళ తర్వాత నా రాతే నాకు చుట్టంలా కనిపించింది.

ఎడమ పక్క రేపు.

జూలై 24

ఎడమ పక్క బేరింగు ముక్కలైపోయి ఎప్పుడో రాలిపోయింది. లోపలి రింగు మాత్రం వేడికి యాక్సిల్ కొనకి అతుక్కుపోయి ఉంది. నల్లగా మాడిపోయింది. గరుకు కాయితంతో తోమి, గుడ్డతో తుడిచి, టార్చి వేసి చూశాను.

6-09.

2009 జూన్. నేను గీసిందే. ఆరేళ్ళు నడిచాక ఆ రోజు ఇదే బేరింగుని తీసి తుక్కు డబ్బాలో పడేశాను. మోత పెడుతోందనే మార్చాను.

జూలై 24, మళ్ళీ

అంటే కొత్తది చేతిలో ఉంచుకుని పాతదే మళ్ళీ వేశానన్నమాట. వాషరు ఒక్కటే కాదు, ఇదీ నేనే. ఇంత మతి లేకుండా చెల్లెల్ని ఆ బండి ఎక్కించాను.

గేటు వేశాను. నాలుగుసార్లు చూశాను.

జూలై 25

పని చేయలేదు.

జూలై 26

పాతది వేసి ఉంటే కొత్తది ఒకటి మిగలాలి కదా. రెండు తెచ్చాను. రెండింటి మీదా ఒకే పూట గీశాను. మిగిలింది ఎక్కడుంది?

అనవసరం. ఏ తుక్కులోనో పోయుంటుంది. దాని కోసం వెతకలేదు.

వెతికాను. అలమరలన్నీ, తుక్కు డబ్బాలు, కౌంటరు సొరుగులు. లేదు.

జూలై 27

యాక్సిల్ ఎక్కించే ముందు హబ్బులు విప్పి గ్రీజు మార్చాలి. డాక్టరు గారి యాక్సిల్ విప్పాను. కుడి పక్క కంపెనీ బేరింగే, ఏ గీతా లేదు. ఎడమ పక్క విప్పి, గ్రీజు తుడిచాను.

3-15. అయిదు నెత్తి చదునుగా ఉంది.

డాక్టరు గారి బండికి నేనెప్పుడూ చక్రాల పని చేయలేదు. ఈ బేరింగు నా చేతుల్తో మా జీపుకి వేశాను. వాషరు కూడా మడిచాను. తర్వాత ఎవరో విప్పి, దీన్ని తీసుకెళ్ళి ఇక్కడ పెట్టి, తుక్కు డబ్బాలోది తీసి అక్కడ పెట్టారు. షెడ్డు తాళం చెవి నా జేబులో ఒకటి, తమ్ముడి జేబులో ఒకటి, అంతే.

వాడు అయ్యుండడు. ఇంకేదో జరిగి ఉంటుంది.

జూలై 28

డాక్టరు గారికి ఫోను చేశాను. యాక్సిల్ బాగుందని చెప్పి, ఎడమ బేరింగు ఎప్పుడు మార్పించారని మాటల్లో అడిగాను. ఆయనకి బాగా గుర్తుంది. ఒక ఆవు ఈనలేక కష్టపడుతోందని కబురొచ్చి బయల్దేరితే మా షెడ్డు ముందుకొచ్చేసరికి చక్రం పట్టేసిందట. స్పేర్ల కొట్లన్నీ మూసేశారు. నేను పన్ను నొప్పితో అప్పుడే ఇంటికెళ్ళానని తమ్ముడు చెప్పాడట. మా జీపుదే తీసి వేసి పంపించాడట, పొద్దున్నే తమకి ఇంకోటి వేసుకుంటామన్నాడట. ఆవూ దూడా బతికాయట.

"మీ తమ్ముడి పుణ్యమే. నీకు చెప్పలేదా?" అన్నారు.

"చెప్పాడు డాక్టరు గారూ, నేనే మర్చిపోయాను" అన్నాను. రెండేళ్ళలో ఈ మాట మొదటిసారి అబద్ధంగా అన్నాను.

మా షెడ్డులో దాన్ని చేబదులు అంటాం. నేను పెట్టిన పేరే. ఎదురుగా కస్టమరు ఆగిపోతే, లోపల నిలబడ్డ బండిలోంచి హారనో బల్బో తీసి వేసి పంపించి, తెల్లారి దాని బదులు కొత్తది పెట్టేయడం. మనిషిని రోడ్డు మీద ఆపకూడదని నేనే నేర్పాను. చక్రాలకీ బ్రేకులకీ మాత్రం చేబదులు లేదని కూడా నేనే నేర్పాను. మొదటిది గుర్తుంచుకున్నాడు.

ఆవు కోసం విప్పాడంటే నాకు కోపం రాలేదు. నేనైనా ఆ సాయంత్రం ఏం చేసేవాణ్ణో ఒట్టేసి చెప్పలేను. తర్వాత రెండేళ్ళు నా భుజం మీద చెయ్యి వేసుకుని నడిచాడే, అదీ నాకు మింగుడు పడనిది. "నట్లు లెక్కపెట్టుకో అన్నయ్యా", "కళ్ళజోడు పెట్టుకో అన్నయ్యా", "నువ్వు కౌంటరు చూసుకో అన్నయ్యా".

జూలై 29

తమ్ముడు వచ్చాడు. కౌంటరు మీద రింగులు రెండూ పక్కపక్కన పెట్టి ఉంచాను. మాడిపోయింది కోసి తీశాను, అంకెలు పోకుండా. వాడు సంచీ దించకుండానే చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఒక్క పూటే కదా అనుకున్నానన్నయ్యా. పొద్దున్నే మార్చేద్దామనుకున్నాను" అన్నాడు.

మరి ఎందుకు చెప్పలేదన్నాను. చెప్పబోయాడట. ఆస్పత్రిలో చెబుదామనే నా దగ్గరికి వచ్చాడట. భయమేసి ముందు వాషరు మాట అనేశాడట. నేను వెంటనే ఒప్పేసుకున్నానట.

"నువ్వు ఒక్కసారి కాదని ఉంటే చెప్పేసేవాణ్ణి. నువ్వు కాదనలేదు."

అంటే తప్పు అక్కడ కూడా నాదే. కొట్టాలనిపించింది. వాడి మీద చెయ్యెత్తి ముప్పై ఏళ్ళయింది. ఎత్తలేదు. రెండున్నరేళ్ళుగా నా చేతికి పానా ఇవ్వలేదు నువ్వు, నా చేతులు చచ్చిపోయాయనుకున్నానురా అన్నాను. ఏడ్చాడు. ఏడుస్తూ ఇంకో మాట అన్నాడు.

"వదినకి అప్పుడే చెప్పాను. వదినే వద్దంది."

జూలై 29, ఇంట్లో

బట్టలు మడతపెడుతోంది. తమ్ముడు చెప్పాడా అన్నాను. ఏం చెప్పాడని అడగలేదు. నా చొక్కా ఒకటి మడత పూర్తి చేసి పక్కన పెట్టి, అప్పుడు మాట్లాడింది. చెబితే అన్నదమ్ములు విడిపోతారనిపించిందట. షెడ్డు మూతపడుతుందట. చెల్లెలికి ఇద్దరన్నయ్యలూ పోతారట. నేనైతే ఓర్చుకుంటానని తెలుసట.

"మీరైతే తట్టుకుంటారు. మీ తమ్ముడు తట్టుకోలేడు" అంది.

మరి డైరీ ఎందుకు కొన్నావని అడిగాను. నేను గేటు దగ్గరకి పదిసార్లు వెళ్ళడం చూడలేకపోయిందట. అందుకని కొందట.

నాకు మతిమరుపు లేదని ఈ భూమ్మీద కచ్చితంగా తెలిసినవాళ్ళు ఇద్దరు. అందులో ఒకరు నాకు డైరీ కొనిచ్చారు.

జూలై 30

జూలై 31

రాయడానికి ఏమీ లేదు. అన్నం తిన్నాను.

ఆగస్టు 2

యాక్సిల్ ఒక్కడు ఎక్కించలేడు. ఎంత కోపమున్నా ఒక కొన ఇంకొకరు పట్టాల్సిందే. పొద్దున తమ్ముడు అడక్కుండానే వచ్చి రెండో కొన దగ్గర కూర్చున్నాడు. జాకీ మీద లేపాం, కమాన్ కట్టల కింద సరిచేశాం, యు బోల్టులు వేశాం. నేను బిగించిన వైపు వాడు చూడలేదు, వాడు బిగించిన వైపు నేను రెండుసార్లు చూశాను. వాడు చూస్తుండగానే చూశాను. అలా చూస్తే మనిషికి ఎలా ఉంటుందో వాడికీ తెలియాలి.

హబ్బులు మాత్రం నేనే వేశాను. కొత్త బేరింగులు, కొత్త వాషర్లు. అంచు మడిచాను. ఒకసారి చూసి లేచాను.

చేతులు కడుక్కుంటుంటే వెనకనుంచి అడిగాడు, చెల్లెలికి చెప్తావా అని. చేతులు తుడుచుకుని పానాలు పెట్టెలో సర్దాను.

ఆగస్టు 4

గేరాయిలు పోశాను, బ్రేకుల్లో గాలి తీశాను. షెడ్డు వెనకాల బురద గట్టు మీద నాలుగు చక్రాలూ కలిపి ఎక్కించాను. ఎక్కడా పట్టెయ్యలేదు, కూత లేదు. తమ్ముడు గుమ్మంలో నిలబడి చూశాడు. కూత పెడుతుందన్నావే అందామనుకున్నాను.

మా ఆవిడ, చెల్లెలికి బండి మాత్రం ఇచ్చి రమ్మంది. మాత్రం అన్న మాట దగ్గర గొంతు తగ్గించింది.

ఆగస్టు 5

చెల్లెలి నర్సరీకి జీపు నడుపుకుంటూ వెళ్ళాను. చక్రం ఊడిపోయిన మలుపు దగ్గర రెండో గేరులో, మనిషి నడిచినంత మెల్లగా తిప్పాను.

మొక్కలకి నీళ్ళు పెడుతోంది. బండి చూసి పైపు వదిలేసింది. నన్ను చూడలేదు. ఎలా మొదలుపెట్టాలో తెలియక జేబులోంచి రింగులు రెండూ తీసి చేతిలో పెట్టాను. నేను తేదీలు గీస్తానని చిన్నప్పట్నుంచీ తెలుసు దానికి. ఏది ఎక్కడ దొరికిందో చెప్పాను. ఆవు సంగతీ చెప్పాను, వాణ్ణి మరీ చెడ్డవాణ్ణి చేయాలని లేదు నాకు. వదినకి తెలుసన్న మాట మాత్రం చెప్పలేదు. ఎందుకో తెలియదు.

ఉంగరాలు చూసినట్టు రెండూ అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత చేతికర్ర ఆనించి బల్ల మీద కూర్చుంది.

"ఆ పొద్దున తాళాలు నాకు చిన్నన్నయ్యే ఇచ్చాడు" అంది. "బండి బాగుందా, కొండ మీదకి వెళ్ళొచ్చా అని కూడా అడిగాను. పెద్దన్నయ్య నిన్ననే కొత్త బేరింగులు వేశాడు, హాయిగా వెళ్ళు అన్నాడు."

రెండేళ్ళుగా ఆ మాట తల్చుకునే నా మీద మండిపడిందట.

మర్చిపోయి ఇచ్చాడేమో, నిద్రమత్తులో ఉన్నాడేమో అని వాడి కోసం ఇంకా వెతుక్కుంటూనే ఉన్నాను. కానీ వాడు మర్చిపోయే మనిషి కాదు. విప్పింది సాయంత్రం, తాళాలిచ్చింది పొద్దున. వాడి మాటకి నా పేరు అడ్డం పెట్టాడు. తప్పు బయటపడ్డాక కాదు, బండి కదలక ముందే.

జీపు తాళాలు బల్ల మీద పెట్టి బస్సెక్కి వచ్చేశాను. చెల్లెలు ఉండమనలేదు, వెళ్ళమనలేదు. రింగులు మాత్రం దాని దగ్గరే ఉంచేసుకుంది.

ఆగస్టు 6

తమ్ముణ్ణి ఒక్కటే అడిగాను, తాళాలిచ్చేటప్పుడు గుర్తుందా లేదా అని. నేల చూపులు చూశాడు. ఇంకేం అడగలేదు. రేపట్నుంచి వాడు కౌంటరు చూసుకుంటాడు. నేను చెప్పలేదు, వాడే వెళ్ళి కూర్చున్నాడు.

గేటు వేశాను.

ఆగస్టు 8

డైరీ రాస్తున్నారా అని మా ఆవిడ అడిగింది. రాస్తున్నానన్నాను. ఏం రాశారని అడగబోయి ఆగిపోయింది. ఇకనుంచి ఇది షెడ్డులో నా పనిముట్ల పెట్టెలో ఉంటుంది.

ఆగస్టు 11

భోజనాలవుతుండగా ఫోను మోగింది. తీశాను. చెల్లెలు. జీపు బాగా నడుస్తోందా అని అడగాలని నోటిదాకా వచ్చింది గానీ, అలవాటు కొద్దీ ఫోను ఎదురుగా ఉన్న మా ఆవిడకి అందించబోయాను. ఆవిడ కూడా ఎంగిలి చెయ్యి తుడుచుకుని ఎడమ చెయ్యి చాపింది.

"వదినకివ్వకు" అంది చెల్లెలు.

గది చిన్నది, ఆ మాట ఆవిడకీ వినపడింది. చాపిన చెయ్యి కాసేపు అలాగే ఉంది. నేను ఫోను చెవి దగ్గర పెట్టుకుని వరండాలోకి వచ్చేశాను.